ఖర్జూరపు చెట్టు బొరుసు

రోమన్ నాణేలంటే మనకు బంగారం, వెండే గుర్తొస్తాయి. నల్లగొండ ప్రాంతంలో అక్కనపల్లి తవ్వకంలో బయటపడ్డవీ వెండివే. నన్నడిగితే మాత్రం ఇత్తడి సెస్టర్షియస్‌నే చూడమంటాను. మూడు సెంటీమీటర్లు దాటిన వెడల్పు, దాదాపు 25 గ్రాముల బరువు. బొమ్మకు అంత చోటు వెండి నాణెం మీద ఎక్కడిది? పాంపే గోడరాత ఒకటి చెప్పే ధర ప్రకారం, ఒక్క సెస్టర్షియస్‌తో మేలురకం ఫలెర్నియన్ మద్యం తాగొచ్చు. చక్రవర్తి మాట అలా సారా కొట్టు దాకా నడిచి వెళ్ళేది.

క్రీ.శ. 70లో రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ కొడుకు టైటస్ జెరూసలేంను పట్టుకుని ఆలయాన్ని నాశనం చేశాడు. 71లో రోమ్‌లో వేసిన ఇత్తడి నాణెం బొరుసు మీద నడుమ ఖర్జూరపు చెట్టు. ఒకవైపు చేతులు కట్టేసిన బందీ. ఇంకోవైపు తల చేతికి ఆనించి, కూలబడి ఏడుస్తున్న స్త్రీ. బడిలో ఈ బొమ్మ పెద్దది చేసి చూపిస్తే పిల్లలు ముందు అడిగేది, "ఆవిడెవరు మాస్టారూ?" అనే. ఆవిడ యూదయా, ఒక దేశం. ఆ వంగిన మెడను చెక్కిన చేతిని మెచ్చుకోబోయి ప్రతిసారీ ఆగిపోతాను. గెలిచినవాడి సంబరం కోసం చెక్కిన కన్నీళ్ళవి.

యూదులు తమ ఆలయానికి ఏటా ఇచ్చుకునే కానుకను వెస్పాసియన్ రెండు డ్రాక్మాల పన్నుగా మార్చి, రోమ్‌లోని జూపిటర్ గుడికి మళ్ళించాడు. అతని చిన్న కొడుకు డొమిషియన్ హయాంలో ఆ వసూలు వేధింపుగా మారింది. ఎవరు యూదుడో తేల్చడానికి కిక్కిరిసిన సభలో ఒక అధికారి తొంభై ఏళ్ళ ముసలాయనకు సున్తీ అయిందో లేదో పరీక్షించడం తాను కుర్రతనంలో చూశానని రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. చదివిన ప్రతిసారీ కడుపులో దేవుతుంది.

96లో డొమిషియన్ హత్యకు గురయ్యాడు. తర్వాత వచ్చిన నెర్వా వేయించిన సెస్టర్షియస్ మీద మళ్ళీ అదే ఖర్జూరపు చెట్టు, రెండు గెలలతో. ఈసారి బందీ లేడు, ఏడ్చే స్త్రీ లేదు. యూదుల పన్ను పేరిట సాగిన తప్పుడు ఫిర్యాదులు తొలగాయని చుట్టూ అక్షరాలు. రాజ్యం తన అన్యాయాన్ని బజారు డబ్బు మీదే ఒప్పుకోవడం నాకు గొప్పగా తోస్తుంది. ఇటలీ ఊళ్ళ మీద నుంచి రాజటపా బండ్ల ఖర్చు తీసేసినప్పుడు కూడా మేస్తున్న కంచరగాడిదల బొమ్మ వేయించింది ఈ నెర్వాయే.

పన్ను మాత్రం రద్దు కాలేదు. మూడో శతాబ్దంలోనూ యూదులు దాన్ని కడుతూనే ఉన్నారని క్రైస్తవ పండితుడు ఒరిజెన్ రాతలవల్ల తెలుస్తుంది.