బెనిగ్నో అక్వినో జూనియర్ (నినోయ్)

బెనిగ్నో సిమియోన్ అక్వినో జూనియర్ (1932 నవంబరు 27 – 1983 ఆగస్టు 21) ఫిలిప్పీన్స్ రాజకీయ నాయకుడు, సెనేటర్, నియంత ఫెర్డినాండ్ మార్కోస్‌కు ప్రధాన ప్రత్యర్థి. దేశమంతా ఆయన్ని ‘నినోయ్’ అనే ముద్దుపేరుతోనే పిలిచింది. అధ్యక్ష పదవి ఆయనకు దక్కలేదు. ఆయన పోయాక భార్యకూ, కొడుక్కూ దక్కింది.

కుటుంబం

మనీలాకు ఉత్తరాన, లూజాన్ ద్వీపం నడుమ, చెరుకూ వరీ పండే మైదాన ప్రాంతం తార్లాక్. అక్కడి కన్సెప్సియోన్‌లో భూస్వాముల ఇంట నినోయ్ పుట్టాడు. తాత సెర్విలియానో అక్వినో మొదట స్పెయిన్ మీద, తర్వాత అమెరికా మీద పోరాడిన విప్లవ సైన్యంలో జనరల్. అమెరికన్లు ఆయనకు ఉరిశిక్ష వేసి, ఆనక క్షమించి వదిలేశారు. తండ్రి బెనిగ్నో సీనియర్ సెనేటర్‌గా, మంత్రిగా పనిచేసి, జపాన్ ఆక్రమణ కాలంలో జపాన్ అండతో ఏర్పడిన ప్రభుత్వంలో అసెంబ్లీ స్పీకర్ అయ్యాడు. యుద్ధం ముగిశాక ఆయన మీద దేశద్రోహం కేసు పడింది. అది తేలకముందే 1947 డిసెంబరులో గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి నినోయ్‌కి పదిహేనేళ్లు. తాతను వీరుడన్న నోళ్లే తండ్రిని ద్రోహి అనడం వింటూ పెరిగిన కుర్రవాడు పేరు తెచ్చుకోవాలని అంత తొందరపడ్డాడంటే ఆశ్చర్యం లేదు.

తొందరపాటు రాజకీయం

పదిహేడేళ్లకే ‘మనీలా టైమ్స్’ విలేకరిగా కొరియా యుద్ధరంగానికి వెళ్లాడు. ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం మొదలుపెట్టి మధ్యలో మానేశాడు. అక్కడ ఆయన చేరిన ఉప్సిలాన్ సిగ్మా ఫై అనే విద్యార్థి సంఘంలో మార్కోస్ కూడా పాత సభ్యుడే. 1954లో అధ్యక్షుడు మాగ్సైసాయ్ తరఫున దూతగా వెళ్లి, హుక్ రైతు తిరుగుబాటు నాయకుడు లూయిస్ తరుక్‌తో మంతనాలు జరిపాడు. తరుక్ లొంగిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో కొరజాన్ కొహ్వాంగ్కోతో పెళ్లయింది. కొహ్వాంగ్కోలది చక్కెర వ్యాపారంలో పేరుమోసిన కుటుంబం. 1950ల చివర్లో వాళ్లు తార్లాక్‌లోనే హసియెండా లూయిసిటా అనే 6,400 హెక్టార్ల చెరుకు ఎస్టేటు కొన్నారు. దాని నిర్వహణ కొన్నాళ్లు అల్లుడే చూశాడు.

1955లో కన్సెప్సియోన్ మేయర్‌గా గెలిచేనాటికి నినోయ్‌కి ఇరవై రెండేళ్లు. చట్టం ప్రకారం ఇరవై మూడు నిండాలి. ఓడినవాళ్లు కోర్టుకెక్కారు, పదవి పోయింది. పన్నెండేళ్ల తర్వాత సెనేట్ ఎన్నికలోనూ అదే పేచీ వచ్చింది. పోలింగు నాటికి ఆయనకు ముప్పై అయిదు నిండడానికి కొన్ని రోజులు తక్కువ. ఈసారి తీర్పు ఆయన వైపే వచ్చింది. ఈ మధ్యలో 1959లో తార్లాక్ వైస్ గవర్నర్, 1961లో గవర్నర్ అయ్యాడు. నాసియోనలిస్టా పార్టీలో మొదలై లిబరల్ పార్టీలోకి మారాడు. మార్కోస్ సరిగ్గా దానికి ఎదురు దిశలో మారాడు. అక్కడి పార్టీలు కుటుంబాలకు విడిది ఇళ్లేగానీ సిద్ధాంతాలకు కావు కాబట్టి దీన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

1967లో లిబరల్ పార్టీ నిలబెట్టిన సెనేట్ అభ్యర్థుల్లో గెలిచింది నినోయ్ ఒక్కడే. మాట మీద ఆయనకున్న పట్టు సభలో తేలింది. 1968లో కొరెహిదోర్ దీవిలో రహస్య సైనిక శిక్షణలో ఉన్న ముస్లిం యువకులను కాల్చిచంపారన్న ‘జబీదా’ వ్యవహారాన్ని సెనేట్‌లో లేవనెత్తాడు. మరుసటేడు మార్కోస్ భార్య ఇమెల్డా మనీలా సముద్రపుటొడ్డున కట్టిస్తున్న సాంస్కృతిక కేంద్రం ఖర్చును ఎండగట్టాడు. 1971 ఆగస్టు 21న మనీలా ప్లాజా మిరాండాలో లిబరల్ పార్టీ సభ మీద బాంబులు పడి తొమ్మిదిమంది చనిపోయారు. సభకు ఆలస్యం కావడంతో నినోయ్ బతికిపోయాడు. 1973తో మార్కోస్ రెండో పదవీకాలం ముగియాలి, మూడోసారి పోటీకి రాజ్యాంగం ఒప్పుకోదు. తర్వాతి అధ్యక్షుడు నినోయే అని చాలామంది లెక్కకట్టారు. ఆ లెక్క మార్కోస్‌కూ తెలుసు.

జైలు

1972 సెప్టెంబరు 22 అర్ధరాత్రి వేళ మనీలా హిల్టన్ హోటల్లో కస్టమ్స్ సుంకాల బిల్లు మీద సమావేశంలో ఉండగా సైనికులు వచ్చి ఆయన్ని అరెస్టు చేశారు. సైనిక శాసనం విధించినట్టు దేశానికి తెలిసింది మర్నాడే. మరుసటి ఏడాది ఆయన్నీ సెనేటర్ హోసే డియోక్నోనూ లౌర్ అనే ఊళ్లోని సైనిక శిబిరానికి తరలించి, నెల రోజులపాటు విడివిడి గదుల్లో ఒంటరిగా ఉంచారు. బట్టలు, కళ్లద్దాలు లాక్కున్నారు. విషం కలుపుతారన్న అనుమానంతో నినోయ్ తిండి సరిగా ముట్టలేదు. చూడవచ్చిన భార్యాపిల్లలు ముళ్లకంచెకు ఇవతలే నిలబడాల్సి వచ్చింది.

నా దృష్టిలో నినోయ్ జీవితానికి మలుపు ఇక్కడే. అప్పటిదాకా ఆయన పెద్దింటి బిడ్డ, మాటకారి, పదవుల మెట్లు రెండేసి ఎక్కే నాయకుడు. ఆ తరహా మనుషులు ఆ దేశంలో ఇంకా చాలామంది ఉన్నారు. 1975 ఏప్రిల్ 4న, పౌరులను సైనిక కోర్టులో విచారించడాన్ని నిరసిస్తూ నిరాహార దీక్షకు దిగాడు. నీళ్లు, ఉప్పు మాత్రలతో నలభై రోజులు ఉన్నాడు. 54 కిలోల మనిషి 36 కిలోలకు చిక్కిపోయాడు. 1977 నవంబరు 25న సైనిక కమిషన్ ఆయనకు మరణశిక్ష వేసింది గానీ అమలు కాలేదు. మరుసటేడు జైల్లోంచే ‘లాబాన్’ పార్టీ పెట్టి మధ్యంతర శాసనసభకు పోటీ చేశాడు. పోలింగుకు ముందురోజు రాత్రి, ఏప్రిల్ 6న, మనీలా జనం గిన్నెలు, మూతలు వాయించి, కారు హారన్లు మోగించి ఆయనకు మద్దతు చెప్పారు. ఓట్ల లెక్కలో మాత్రం ఇమెల్డా జట్టు ఇరవై ఒక్క స్థానాలనూ ఊడ్చేసింది.

1980 మార్చిలో గుండెపోటు వచ్చింది. జైల్లో చనిపోతే నింద తమ మీద పడుతుందని జంకిందో ఏమో, ప్రభుత్వం మే నెలలో శస్త్రచికిత్సకు అమెరికా పంపింది. డల్లాస్‌లో ఆపరేషన్ అయింది. తర్వాత మూడేళ్లు బోస్టన్ పక్కన న్యూటన్‌లో కుటుంబంతో గడిపాడు. హార్వర్డ్, ఎంఐటీల్లో పరిశోధక హోదా ఉంది, పిల్లలు కళ్లముందున్నారు. కొరజాన్ తర్వాతి కాలంలో ఆ మూడేళ్లనే తమ జీవితంలో అత్యంత సుఖమైనవిగా చెప్పుకుంది.

హత్య

మార్కోస్ ఆరోగ్యం క్షీణిస్తోందని వార్తలు రావడంతో తిరిగి వెళ్లాలని నిశ్చయించుకున్నాడు. హత్యకు కుట్రలున్నాయని మార్కోస్ ప్రభుత్వమే హెచ్చరించింది, పాస్‌పోర్టు ఇవ్వలేదు. ఆయన ‘మార్సియల్ బొనిఫాసియో’ అన్న పేరుతో పాస్‌పోర్టు సంపాదించాడు. మొదటి మాట సైనిక శాసనానికి, రెండోది తనను బంధించిన ఫోర్ట్ బొనిఫాసియోకు వెక్కిరింపు. 1983 ఆగస్టు 21న తైపే నుంచి చైనా ఎయిర్‌లైన్స్ విమానం ఎక్కాడు. తెల్ల సఫారీ సూటు కింద తూటాలను ఆపే కవచం తొడుక్కున్నాడు. తలకు తగిలితే కవచం పనికిరాదని తోటి విలేకరులతో అన్నాడు. మూడు నాలుగు నిమిషాల్లో అంతా అయిపోవచ్చు, కెమెరాలు సిద్ధంగా పెట్టుకోమని చెప్పాడు.

మనీలాలో విమానం ఆగగానే సైనికులు లోపలికి వచ్చి ఆయన్ని తీసుకెళ్లారు. వెంటరాబోయిన విలేకరులను తలుపు దగ్గరే అడ్డుకుని, ఆయన్ని పక్కమెట్ల మీదుగా కిందికి దించారు. కొన్ని క్షణాల్లోనే కాల్పులు వినిపించాయి. తల వెనక తూటా తగిలి నినోయ్ నేలకూలాడు. పక్కనే రొలాండో గాల్మాన్ అనే వ్యక్తి శవం పడి ఉంది. హంతకుడు ఇతడేనని, కమ్యూనిస్టులు పంపారని ప్రభుత్వం ప్రకటించింది. నమ్మినవాళ్లు తక్కువ.

రక్తపు బట్టలు మార్చకుండా, ముఖానికి మెరుగులు దిద్దకుండా, కొడుకును ఎలా చంపారో జనం అలాగే చూడాలని తల్లి అరోరా పట్టుబట్టింది. ఆగస్టు 31న శవయాత్ర పదకొండు గంటలు సాగింది. దాదాపు 20 లక్షలమంది వచ్చారని అంచనా.

ఆ తర్వాత

పెట్టుబడులు తరలిపోయాయి, అక్టోబరులో ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపును నిలిపేయాల్సి వచ్చింది. అప్పటిదాకా నోరెత్తని వ్యాపార వర్గాలు కూడా మనీలా వ్యాపార కేంద్రమైన మకాతీ వీధుల్లో నిరసనగా పసుపుపచ్చ కాగితపు ముక్కలు చల్లాయి. 1984లో విచారణ బోర్డు గాల్మాన్ కథను కొట్టిపారేసి కుట్ర సైన్యానిదేనంది. ప్రధాన సేనాని ఫాబియన్ వెర్‌తో సహా నిందితులందరినీ 1985 డిసెంబరు 2న కోర్టు వదిలేసింది. ఆ వెంటనే కొరజాన్ అధ్యక్ష పదవికి పోటీ ప్రకటించింది. 1986 ఫిబ్రవరి 7 ఎన్నికలో జరిగిన అక్రమాలు ఎడ్సా రహదారి మీద జనవెల్లువకు దారితీశాయి. ఫిబ్రవరి 25న మార్కోస్ దేశం విడిచి పారిపోయాడు. 1990లో తిరిగి జరిగిన విచారణలో 16 మంది సైనికులకు యావజ్జీవం పడింది. ఆజ్ఞ ఇచ్చినవాడెవరో ఏ కోర్టూ తేల్చలేదు.

మనీలా విమానాశ్రయానికి నినోయ్ పేరు పెట్టారు, 500 పెసోల నోటు మీద బొమ్మ వేశారు, ఆగస్టు 21ని సెలవు దినం చేశారు. కొరజాన్ 1992 దాకా, కొడుకు మూడో బెనిగ్నో 2010 నుంచి 2016 దాకా అధ్యక్షులుగా ఉన్నారు. తమ్ముడు అగాపిటో, చెల్లెలు తెరెసా, అన్నదమ్ముల బిడ్డ బామ్ సెనేట్‌కు వెళ్లారు. హసియెండా లూయిసిటా భూములను రైతులకు పంచమని సుప్రీంకోర్టు తుది ఉత్తర్వు ఇచ్చేసరికి 2012 వచ్చింది. 2022లో మార్కోస్ కొడుకే అధ్యక్షుడయ్యాడు. కొరజాన్ హయాంలో రాసుకున్న 1987 రాజ్యాంగం రాజకీయ వంశపాలనను నిషేధించి, దాని నిర్వచనాన్ని చట్టసభ చేసే చట్టానికి వదిలేసింది. వంశాలే నిండిన ఆ సభ మూడు దశాబ్దాలు దాటినా దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం చేయలేదు.