మెరిసేదంతా శుభ్రం కాదు

డ్రిల్లింగ్ మెషీన్ అంటే గోడకి కన్నాలు పెట్టేది అని మనందరికీ తెలుసు. కానీ దాని మూతికి కన్నాలు పెట్టని సామాన్లు కూడా బోల్డు తగిలిస్తారు. అందులో ఒకటి పైపుల్ని బయటివైపు తోమే వైర్ బ్రష్. చూడ్డానికి చిన్న గిన్నెలా ఉంటుంది. గిన్నె లోపల చుట్టూ ఉక్కు తీగల కుచ్చులు. పైపు చివరని అందులో దూర్చి మెషీన్ నొక్కితే బ్రష్ గిర్రున తిరుగుతుంది. ఉప్పుకాగితం పట్టుకుని చేత్తో రుద్దాల్సిన పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. దీనికి కూడా ఒక చరిత్రా అని నవ్వకండి. ఉంది, పైగా మన వృత్తిలో వాళ్ళకి పనికొచ్చేదే.

అసలు తోమడం దేనికి? రాగి పైపుకి టంకం వేసేటప్పుడు, కరిగిన టంకం పైపుకీ జాయింటుకీ మధ్య ఉన్న సన్నటి సందులోకి తనంతట తానే పాకాలి. రాగి మీద ఆక్సైడ్ పొరో, జిడ్డో ఉంటే పాకదు, ముద్దలుగా బయటే ఉండిపోతుంది. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళకి ఈ సంగతి ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ముందు ఇసకతో కరకరా తోమి, నిప్పుల మీద కాల్చి, నవసారం చల్లి, అప్పుడు గానీ తగరం రుద్దేవారు కాదు. ఇనుప పైపుకి రంగు వేసినా సూత్రం అదే. రంగు పట్టేది ఇనుముని కాబట్టి, మధ్యలో తుప్పు ఉంటే రంగు పట్టుకున్నది తుప్పునే. తుప్పు రాలితే రంగూ రాలుతుంది.

ఈ పనికి కరెంటు రావడం వెనక కథ ఇదీ. 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ అనే ఇద్దరు ఎలక్ట్రిక్ డ్రిల్లుకి పేటెంట్ తీసుకున్నారు. అది రాళ్ళు తొలవడానికి ఉద్దేశించిన పెద్ద యంత్రం. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ చేత్తో పట్టుకునే డ్రిల్లు చేసింది. 1910లో బాల్టిమోర్‌లో డంకన్ బ్లాక్, అలొంజో డెకర్ కలిసి ఓ కంపెనీ పెట్టారు. తుపాకీ లాంటి పిడి, ట్రిగ్గర్ నొక్కితే తిరిగి వదిలితే ఆగిపోయే స్విచ్చు ఉన్న డ్రిల్లుకి వాళ్ళకి 1917లో పేటెంట్ వచ్చింది. 1946లో అదే కంపెనీ ఇళ్ళల్లో వాడుకునే చవక డ్రిల్లులు అమ్మడం మొదలుపెట్టింది. 1961లో వైరు లేని డ్రిల్లు తెచ్చింది.

నన్నడిగితే ఇందులో అసలు గొప్పతనం మోటారుది కాదు, చక్‌ది. బిట్‌ని పట్టుకునే ఆ మూడు పళ్ళకి తాము పట్టుకున్నది ఏమిటో తెలియక్కర్లేదు. కాడ ఆ సైజులో ఉంటే చాలు. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్. కన్నాలు పెట్టే యంత్రాన్ని తోమే యంత్రంగా మార్చడానికి మెషీన్‌లో ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రోలింగ్ మిల్లులోంచి వచ్చిన ఉక్కు మీద మిల్ స్కేల్ అనే గట్టి నల్లటి పొర ఉంటుంది. వైర్ బ్రష్ వదులుగా ఉన్న తుప్పుని లాగేస్తుంది గానీ ఈ పొరని చాలావరకు ఊడదీయలేదు. పాలిష్ చేస్తుంది! తోమినవాడికి తళతళా మెరుస్తూ కనిపిస్తుంది, పని అయిపోయిందనుకుంటాడు. ఆ పొర పగిలిన చోటకి తడి చేరితే, పొరకీ ఉక్కుకీ మధ్య చిన్న బ్యాటరీ లాంటిది తయారై, తుప్పు ఇంకా వేగంగా లోపలికి తొలుస్తుంది.

ఈ పొరని నిజంగా తీసేది గాలి ఒత్తిడితో ఇసక చిమ్మే పద్ధతి. దానికి బెంజమిన్ టిల్గ్‌మన్ అనే అమెరికన్ 1870లో పేటెంట్ తీసుకున్నాడు. కానీ ఆ ఇసక ధూళి పీల్చిన కూలీలకి సిలికోసిస్ వచ్చి ఊపిరితిత్తులు పాడయ్యేవి. బ్రిటన్ 1949 నాటి నిబంధనలతో పోతపోసిన వస్తువులు వగైరాల మీద ఇసక వాడకాన్ని ఆపేసింది. ఇప్పుడు దాని బదులు ఉక్కు రవ్వ, గార్నెట్ లాంటివి వాడతారు. అన్నట్టు, మన శ్రీకాకుళం తీరం ఇసకలో ఈ గార్నెట్ ఉంది.

మరి ఎంత తోమితే శుభ్రం అయినట్టు? కాంట్రాక్టరు అయిందంటాడు, ఇన్‌స్పెక్టరు కాలేదంటాడు. ఈ గొడవని స్వీడన్ వాళ్ళు ఫొటోలతో తీర్చారు. 1967 నాటి వాళ్ళ ప్రమాణంలో తుప్పుకి ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రేడులు, తోమాక ఎలా కనబడాలో చూపించే రంగుల ఫొటోలు ఉండేవి. 1988లో అదే ఐఎస్ఓ 8501-1 అయింది. బ్రష్షులతో తోమితే ఎస్‌టీ 2, ఎస్‌టీ 3. ఇసక లాంటిది చిమ్మితే ఎస్‌ఏ 1 నుంచి ఎస్‌ఏ 3 దాకా, మధ్యలో ఎస్‌ఏ రెండున్నర కూడా! ఎస్‌టీ 3లో లోహపు మెరుపు కనబడాలి గానీ, గట్టిగా అంటుకున్న మిల్ స్కేల్ పోవాలని లేదు. అంటే మెరుపూ శుభ్రతా ఒకటి కాదని ప్రమాణమే ఒప్పుకుంటోంది.

ఇదంతా చాదస్తం అనిపిస్తే 1992 ఏప్రిల్ 22న మెక్సికోలోని గ్వాడలహారాలో ఏం జరిగిందో చూడండి. పెట్రోలు పైపుకి మరీ దగ్గరగా ఒక నీళ్ళ పైపు వేశారు. తడి నేలలో రెండు లోహాల మధ్య అదే బ్యాటరీ తయారై, పెట్రోలు పైపు బయటినుంచి తినేసుకుపోయి కన్నం పడిందని దర్యాప్తులో తేలింది. పెట్రోలు మురుగు కాలవల్లోకి చేరింది. వాసన వస్తోందని జనం ముందు రోజుల్లోనే మొత్తుకున్నా ఖాళీ చేయించలేదు. వీధులకి వీధులే పేలిపోయి 200 మందికి పైగా చనిపోయారు.

మన దగ్గర 2014 జూన్ 27న, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. అక్కడ గ్యాసుతో పాటు వచ్చిన తడి పైపుని లోపలినుంచి తినేసింది. ఈ రెంటికీ వైర్ బ్రష్షే మందు అని నేననను. తుప్పు ఎక్కడ పడుతోందో పైకి కనబడదనీ, కనబడకపోయినా చూడాల్సిన బాధ్యత ఒకరిదనీ మాత్రం అంటాను.

కొత్త పైపులైను వేస్తే రిబ్బను కత్తిరిస్తారు. పాతదాన్ని తవ్వి, తోమి, మళ్ళీ పూత వేసినవాడికి ఏ మంత్రీ దండ వేయడు. మన ప్రాజెక్టుల్లోనూ అంతేగా. కొత్త ఫీచరుకి చప్పట్లు, పాత కోడు శుభ్రం చేసినవాడికి "ఈ నెలంతా ఏం చేశావు?" అనే ప్రశ్న. అందుకని చాలామంది ఎస్‌టీ 3తో సరిపెడతారు, డెమోలో మెరిస్తే చాలని. ఈసారి ఎవరైనా "క్లీన్ చేసేశాం" అంటే, ఏ గ్రేడుకి అని అడగండి.