పుట్టుక మొదలు సమాధి వరకు: ఫుస్తాతు సమాజమందిరపు కాగితములు

యేసు ప్రభువు పండ్రెండేండ్ల ప్రాయమున యెరూషలేమునకు వెళ్లిన సంగతి (లూకా 2:42) బోధించునప్పుడు, అది ఆయన “బార్ మిత్స్వా” వేడుక అని మన ప్రసంగీకులు తరచుగా చెప్పుచుందురు. ఈ మాటకు చారిత్రక ఆధారము లేదు. పదమూడవ యేట బాలుడు ఆజ్ఞలకు బద్ధుడగునని మిష్నాలోని “అబోత్” భాగము చెప్పుచున్నది గాని, అక్కడ వేడుక ప్రస్తావన లేదు. సమాజమందిరములో జరుపు ఆ వేడుక మధ్యయుగములలో, ముఖ్యముగా జర్మను ప్రాంతపు యూదుల మధ్య రూపుదిద్దుకొనినది. లూకా చెప్పునది పస్కా పండుగ యాత్ర మాత్రమే. నేటి యూదుల ఇంటిలో చూచినదానిని మొదటి శతాబ్దములోనికి చొప్పించుట ఎంత సులభమో, వారి మతము కేవలము ధర్మశాస్త్రపు అక్షరమేనని తీర్పు చెప్పుటయు అంతే సులభము. రెండవ పొరపాటే ఎక్కువ హాని చేసినదని మా అభిప్రాయము. కావున ఆ సమాజము తన కుటుంబములను పుట్టుక మొదలు సమాధి వరకు ఎట్లు ఆదుకొనెనో వ్రాతపూర్వక ఆధారములను బట్టి ఇక్కడ పరిశీలించుచున్నాము.

పుట్టుకను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎనిమిదవ దినమున ఎలీసబెతు ఇంట పొరుగువారును బంధువులును కూడి, బిడ్డకు పేరు విషయములో వాదులాడుట లూకాయే వ్రాసియున్నాడు. మరణమును గూర్చి మాత్రము తల్మూదులో ఆలోచింపదగిన సంగతి కలదు. ఒక కాలమున శవమును పాతిపెట్టు ఖర్చు, చనిపోయినవారి కొరకైన దుఃఖము కంటె బంధువులకు భారమై, కొందరు శవమును విడిచి పారిపోవుచుండిరట. అప్పుడు రబ్బాన్ గమలీయేలు తన్ను సాదా నారబట్టలో పాతిపెట్టవలెనని కోరెను. ప్రజలందరును ఆయన మాదిరిని అనుసరించిరి. (ఈయన పౌలు గురువు కాదు, ఆయన మనుమడని పలువురు పండితులు తలంచుదురు.) అట్లే దుఃఖించు ఇంటికి పొరుగువారు భోజనము తీసికొనిపోవునప్పుడు ధనికుల యింటికి వెండి బంగారు పాత్రలలోను, బీదల యింటికి ఈనెల బుట్టలలోను పంపుచుండగా, బీదలు సిగ్గుపడుచున్నారని అందరికిని ఈనెల బుట్టలే నియమించిరి. మన సంఘములలో భూస్థాపన కూడికల భోజనములకు అప్పు చేయు కుటుంబములను ఎరిగినవారు ఈ భాగమును తేలికగా దాటిపోలేరు.

అయితే ఇవి గ్రంథములలోని మాటలు. వాస్తవ జీవితములో అట్లు జరిగెనా? దీనికి జవాబు ఐగుప్తులోని పాత కైరో, అనగా ఫుస్తాతులో దొరకినది. దేవుని నామముగల కాగితమును పారవేయరాదను భక్తితో అక్కడి బెన్ ఎజ్రా సమాజమందిరపువారు పాత వ్రాతలన్నిటిని ఒక గదిలో వేయుచుండిరి. 1896లో స్కాట్లాండు దేశస్థులైన ఇద్దరు అక్కచెల్లెండ్రు, ప్రెస్బిటేరియను విశ్వాసులు, తాము కొనితెచ్చిన వ్రాతలను సాలమన్ షెక్టర్ పండితునికి చూపగా, అందులో ఒక పత్రము సీరా కుమారుని గ్రంథపు హెబ్రీ భాగమని ఆయన గుర్తించెను. ఆయన ఆ యేడు చివర కైరోకు వెళ్లి తెచ్చిన తునకలు కేంబ్రిడ్జిలో సుమారు 1,93,000 ఉన్నవి. పండితులు మొదట లేఖన భాగములకే విలువనిచ్చిరి. చాకలి పద్దులు, వివాహ పత్రములు, బీదల విన్నపములు చాలకాలము మూలనపడియుండెను. వాటి నుండి ఆ ప్రజల జీవితమును తిరిగి కట్టినవాడు ఎస్. డి. గోయిటైన్. ఆయన “మెడిటరేనియన్ సొసైటీ” ఐదు సంపుటములు 1967–1988 మధ్య వెలువడినవి.

పదకొండు, పండ్రెండు శతాబ్దముల ఆ కాగితములలో రొట్టెలు పంచిన జాబితాలు ఉన్నవి. మంగళవారమును శుక్రవారమును పంచుట వాడుక. మనిషికి వారమునకు సుమారు నాలుగు రొట్టెలు. అది కడుపునిండ చాలునది కాదని ఒప్పుకొనవలెను. భక్తులు మందిరమునకు దానమిచ్చిన ఇండ్ల అద్దెలలో కొంత బీదలకు పోయెను. తండ్రిలేని పిల్లలకు చదువు చెప్పినందుకు ఉపాధ్యాయునికి సమాజమే జీతమిచ్చెను. పెండ్లికాని అనాథ కన్యలకు కట్నకానుకలు సమకూర్చెను.

వివాహ పత్రములు మరింత విలువైనవి. వరుడిచ్చు సొమ్ములో ఒక భాగము పెండ్లినాడు, మరియొక భాగము విడాకులైనను అతడు మరణించినను చెల్లింపవలెను. వధువు తెచ్చిన నగలు, బట్టలు, పరుపులు, రాగి పాత్రలు ఒక్కొక్కటి వెలకట్టి వ్రాసిరి, అవి ఆమెవే. మన దేశపు మంగళూరులో వ్యాపారము చేసి 1149లో ఏడెనుకు తిరిగివెళ్లిన అబ్రాహాము బెన్ యీజూ కుమార్తె వివాహము 1156లో ఫుస్తాతులోనే జరిగినది.

ఈ చిత్రమును మరీ అందముగా చూపుట న్యాయము కాదు. ఒకప్పుడు బాగుగా బ్రతికినవారు సహాయమడుగుచు వ్రాసిన ఉత్తరములలో, ఇంతవరకు తాము మరుగున ఉంటిమనియు, ఇప్పుడు ముఖము బయటపెట్టవలసి వచ్చెననియు చెప్పుకొనిరి. సహాయము దొరకిన చోటనే సిగ్గును ఉండెను. సమాజము ఆదుకొనినట్లే వెలివేయను గలదు.

1100 ప్రాంతమున ఫుస్తాతులో వుహ్షా అను పేరున ప్రసిద్ధికెక్కిన కరీమా అను వర్తకురాలు జీవించెను. వివాహము వెలుపల ఆమెకు కుమారుడు కలిగెను. బిడ్డ తండ్రి ఎవరో రేపు సందేహము రాకుండ, అతడు తన యింట నుండగా సాక్షులు వచ్చి చూచునట్లు ఆమెయే ఏర్పాటు చేసెను. బిడ్డకు పుట్టుక విషయములో ఉండవలసిన రక్షణను సమాజము ఇయ్యదని ఆమెకు తెలియును. ప్రాయశ్చిత్త దినమున ఇరాకీయుల సమాజమందిరమునకు వెళ్లగా అక్కడి పెద్ద ఆమెను బయటికి పంపివేసెను. ఆమె మరణశాసనము దొరకినది. అందులో తన భూస్థాపనకు సుమారు ఏబది దీనారములు కేటాయించెను. గమలీయేలు నారబట్ట ఆమెకు సరిపోలేదు, అందుకు ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. కుమారునికి లేఖనములును ప్రార్థనలును నేర్పుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని వ్రాయించెను. బీదలకును సమాజమందిరములకును సొమ్ము విడిచెను. ఆ మందిరములలో ఆమెను వెళ్లగొట్టినదియు ఒకటి.