వీడియో తీసేటప్పుడు ఫోన్ నిలువుగా పట్టుకోవాలా.. అడ్డంగానా? బటన్ నొక్కే ముందే తేల్చుకోండి!

పెళ్లిలో తలంబ్రాలు మొదలవగానే అందరి చేతుల్లోనూ ఫోన్లు లేస్తాయి. తీరా ఆ వీడియోను ఇంట్లో టీవీలో వేసి చూస్తే.. మధ్యలో సన్నటి పట్టీ, రెండు పక్కలా నలుపు. పెళ్లికొడుకు సగం, పెళ్లికూతురు సగం. ఆ ఘట్టాన్ని మళ్లీ తీయలేం కదా! అందుకే ముందే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది.. ఈ వీడియోను ఎక్కడ చూస్తారు?

టీవీలో చూసేదైతే అడ్డంగా..

ఇప్పటి టీవీలు దాదాపుగా 16:9 కొలతలో ఉంటాయి. అంటే వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు. నిలువుగా తీసిన 9:16 వీడియో అక్కడ మూడో వంతు కంటే తక్కువ చోటులోనే కనిపిస్తుంది. పెళ్లి, స్టేజీ డ్యాన్స్, క్రికెట్ మ్యాచ్, పొంగుతున్న వాగు.. ఇలా పక్కలకు పరుచుకుని ఉండేవన్నీ అడ్డంగానే తీయండి.

ఫోన్‌లో చూసేదైతే నిలువుగా..

వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా రీల్స్, యూట్యూబ్ షార్ట్స్‌కు నిలువు వీడియోనే నప్పుతుంది. ఒక్క మనిషి మాట్లాడుతున్నా, డ్యాన్స్ చేస్తున్నా ఫ్రేమ్ నిండుగా ఉంటుంది. అయితే ముఖాన్ని మరీ కిందకు, కుడి అంచుకు రానివ్వొద్దు. అక్కడ క్యాప్షన్, లైక్, షేర్ బటన్లు వచ్చి కప్పేస్తాయి.

రెండూ కావాలంటే?

అడ్డంగా, 4కెలో తీయండి. ఫుల్ హెచ్‌డీ వీడియో (1920×1080) నుంచి నిలువు ముక్క కత్తిరిస్తే వెడల్పు దాదాపు 608 పిక్సెల్సే మిగులుతుంది. బొమ్మ మసకబారుతుంది. అదే 4కె (3840×2160) అయితే 1215 పిక్సెల్స్ వస్తాయి. రీల్‌కు 1080 చాలు. కాకపోతే ముఖ్యమైన మనిషి ఫ్రేమ్ మధ్యలోనే ఉండాలి. 4కె స్టోరేజీ బాగా తింటుంది కాబట్టి ఫోన్‌లో ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఈ పొరపాట్లు చేయొద్దు..

* రికార్డింగ్ మొదలయ్యాక ఫోన్ తిప్పొద్దు. మొదట ఎలా పట్టుకుంటే వీడియో అలాగే సేవ్ అవుతుంది. తిప్పిన దగ్గర్నుంచి మనుషులు పక్కకు పడుకున్నట్టు కనిపిస్తారు. తప్పదనుకుంటే ఆపి, మళ్లీ మొదలుపెట్టండి.

* ముగ్గునో, వంటనో పైనుంచి తీసేటప్పుడు ఫోన్ నేలవైపు వంగి ఉంటుంది. నిలువో, అడ్డమో దానికి సరిగా అర్థం కాదు. ముందు నిటారుగా పట్టుకుని, కావాల్సిన వైపు తిప్పి, స్క్రీన్ మీద ఐకాన్లు తిరిగాకే కిందకు వంచండి.

ఇక కళ్లముందు అనుకోని ఘటన జరిగితే ఇవన్నీ ఆలోచించే టైమ్ ఉండదు. ఫోన్ ఎలా ఉంటే అలా తీసేయండి. అసలు వీడియోనే లేకపోవడం కన్నా నిలువు వీడియో నయం!