మోడలింగ్ నుంచి బిగ్ బాస్ దాకా: కౌశల్ మండ

విశాఖపట్నానికి చెందిన కౌశల్ మండ మోడలింగ్‌తో వృత్తి జీవితం మొదలుపెట్టాడు. 1999లో మహేశ్ బాబు కథానాయకుడిగా పరిచయమైన 'రాజకుమారుడు'లో చిన్న పాత్ర దక్కింది. ఆ తర్వాత సినిమాల్లో పెద్ద పాత్రలు రాలేదు. ఇంటింటికీ తెలిసిన ముఖమైంది 'చక్రవాకం' ధారావాహికతోనే. హైదరాబాద్‌లో మోడలింగ్ సంస్థనూ నడిపాడు.

1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన 'బిగ్ బ్రదర్' రియాలిటీ షో 'బిగ్ బాస్' పేరుతో 2006లో హిందీలోకి, 2017లో తెలుగులోకి వచ్చింది. మొదటి సీజన్‌ను జూనియర్ ఎన్టీఆర్ నడిపించగా శివ బాలాజీ గెలిచాడు. నాని వ్యాఖ్యాతగా 2018 జూన్‌లో మొదలైన రెండో సీజన్‌లోకి కౌశల్ వెళ్లాడు. బిగ్ బాస్ ఇంట్లోని తోటి పోటీదారుల్లో చాలామందితో అతనికి పొసగలేదు. అందరూ ఒకవైపు, అతనొక్కడూ ఒకవైపు అన్నట్టు సాగిన వారాలే బయట అతనికి బలమయ్యాయి. ఒంటరివాడి పక్షాన నిలబడటం తెలుగు ప్రేక్షకుడి స్వభావంలోనే ఉంది. 'కౌశల్ ఆర్మీ' పేరుతో అభిమానులు ఏకమయ్యారు, హైదరాబాద్‌లో పరుగు కూడా నిర్వహించారు. ప్రేక్షకులు ఫోన్లోనూ ఓటు వేయగలిగారు కాబట్టి, తెలంగాణ సరిహద్దున ఉన్న తిరువూరు ప్రేక్షకుడికీ రాజధాని ప్రేక్షకుడికీ సమాన హక్కు దక్కింది. మోడల్ భవితవ్యం ఏజెన్సీల చేతుల్లోంచి వీక్షకుల చేతుల్లోకి మారడం నిజంగా పెద్ద మార్పు.

2018 సెప్టెంబర్ 30న గాయని గీతా మాధురిని దాటి కౌశల్ విజేత అయ్యాడు. వెంకటేశ్ చేతుల మీదుగా ట్రోఫీ అందుకున్నాడు. 50 లక్షల రూపాయల బహుమతిని క్యాన్సర్ రోగులకు ఇస్తానని వేదికపైనే ప్రకటించాడు.