అడుగులో పుట్టిన తాళజ్ఞానం

హైదరాబాదుకు నైరుతి దిక్కున ఉన్న షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో, తక్కిన తెలంగాణ పల్లెల్లో మాదిరిగానే, సామాన్యులకు పాట అబ్బింది కూర్చుని చేసిన సాధన వల్ల కాదు, వలయంగా తిరుగుతూ వేసిన అడుగు వల్ల. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల నుంచి సద్దుల వరకు తొమ్మిది రోజులు సాగే బతుకమ్మలో ఒకరు పాట చెబుతుంటే తక్కినవారు వంత పాడుతూ, వంగి చప్పట్లు చరుస్తూ పువ్వుల చుట్టూ తిరుగుతారు. తల్లి వెంట వలయంలో చేరిన పిల్లకు తాళమంటే ఏమిటో ఎవరూ విడిగా చెప్పకుండానే పట్టుబడుతుంది.

ఈ పద్ధతి ప్రాచీనతకు శాస్త్రగ్రంథ సాక్ష్యం కూడా ఉంది. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయిన జాయప సేనాని 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో రచించిన ‘నృత్త రత్నావళి’ ఎనిమిది అధ్యాయాల్లో చివరి నాలుగింటిని దేశి నృత్తాలకు, అంటే ఆయా ప్రాంతాల జనం ఆడుకునే ఆటలకు కేటాయించి, కర్రలు తట్టుతూ ఆడే దండరాసకాన్ని కూడా వర్ణించింది. నేటి కోలాటం దానికి దగ్గరి చుట్టం. ఒక సేనాపతి జనం ఆటను ఇంత శ్రద్ధగా గ్రంథస్థం చేయడం విశేషమే.

బోధన దృష్టితో చూస్తే వీటన్నిటిలో జడకోలాటం మరింత ఆసక్తికరమైనది. పైనుంచి వేలాడే తాళ్ల కొసలను పట్టుకున్న ఆటగాళ్లు పాటకు అనుగుణంగా ఒకరినొకరు దాటుతూ తిరిగితే తాళ్లు జడగా అల్లుకుంటాయి. అదే నడకను తిరగేసి నడిస్తే విడిపోతాయి. మధ్యలో ఒక్కరు అడుగు తప్పినా జడ చిక్కుపడుతుంది కాబట్టి, లయ తప్పిన సంగతి గురువు చెప్పకముందే అందరి కంటికీ కనబడుతుంది. చిరుతలు, అంటే గజ్జెబిళ్లలు అమర్చిన చెక్కలు, వాయిస్తూ ఆడే చిరుతల రామాయణంలోనూ పొలం పని ముగించుకుని వచ్చిన పెద్దలు రాత్రివేళ గురువు ముందు పాటను, అడుగును కలిపే నేర్చుకునేవారు.

కర్ణాటక సంగీతం ఈ చలనాన్ని చేతికి కుదించింది. ఆదితాళంలో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క కలిసి లఘువు, తర్వాత దెబ్బ, విసురు కలిసిన ద్రుతాలు రెండు, వెరసి 8 అక్షరాలు. లెక్క కచ్చితమైనదే గాని, దేహమంతా నేర్చుకునే విద్య అరచేతికి పరిమితమైంది. కూచిపూడిలో మాత్రం అడుగు, జతి విడిపోలేదు.

ఐరోపాలో ఈ లోటును గుర్తించినవాడు స్విట్జర్లాండుకు చెందిన ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్ (1865–1950). 1892 నుంచి జెనీవా సంగీత విద్యాలయంలో బోధించిన ఆయన, వాద్యం మీద వేళ్లు చక్కగా ఆడే విద్యార్థులకే లయ పట్టుబడకపోవడం గమనించి, నడక, చప్పట్ల ద్వారా సంగీతాన్ని నేర్పే యూరిథ్మిక్స్ పద్ధతిని రూపొందించాడు. 1911లో జర్మనీలోని హెల్లెరావులో అందుకు ప్రత్యేక శిక్షణాలయం వెలిసింది. ఈ యూరిథ్మిక్స్ పద్ధతిలో అప్పటికప్పుడు మారే పియానో వాదనకు తగ్గట్టు విద్యార్థి తన కదలికను మార్చుకోవాలి. కోలాటంలో స్థిరమైన వరసను గుంపంతా కలిసి నిలబెట్టాలి. మొదటిది వ్యక్తి చెవికి పదును పెడితే, రెండవది తోటివారి లయను గమనించడం నేర్పుతుంది. బడి పిల్లలకు ఈ రెండవదే ముందు అవసరం. తాళం తప్పిన పిల్లవాడి చేత వేళ్లు లెక్కపెట్టించే ముందు సంగీతోపాధ్యాయులు అతణ్ణి ఒకసారి కోలాట వలయంలో నిలబెట్టి చూడాలి.