ఉమ్మడి ఫోల్డర్: వ్యాపార ఫైళ్ల నిల్వ నడిచిన దారి

ఆఫీసు లెక్కలు, పత్రాలు ఒకే చోట ఉంచి, పలు కంప్యూటర్ల నుంచి అందరూ వాడుకునే ఏర్పాటును నెట్‌వర్క్ ఫైల్ నిల్వ అంటారు. ఏలూరు రైసుమిల్లు, తాడేపల్లిగూడెం ఉల్లి వ్యాపారి కొట్టు, కొల్లేటి ఒడ్డున చేపల ప్యాకింగ్ షెడ్డు, వీళ్లందరి లెక్కలు చూసే ఆడిటరు ఆఫీసు: నలుగురు కూర్చుని పనిచేసే ప్రతిచోటా ఇది అవసరమే. దీనిలో వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం దీని చరిత్రలోనే ఉంది.

చిట్టా, ఆవర్జాల కాలంలో పుస్తకం ఒకటే, రాసే గుమాస్తా ఒకడే. ఒకే ఫైలును ఇద్దరు ఒకేసారి దిద్దితే ఏమవుతుందన్న ప్రశ్న కంప్యూటర్లతోనే పుట్టింది. 1983లో నోవెల్ సంస్థ తెచ్చిన నెట్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు ఫైల్ సర్వర్‌ను అలవాటు చేసింది. ఐబీఎంలో బ్యారీ ఫైగన్‌బామ్ రూపొందించిన ఎస్‌ఎంబీ అనే ఫైల్ షేరింగ్ పద్ధతి విండోస్ షేరింగ్‌కు పునాది అయింది. 1984లో సన్ సంస్థ యునిక్స్ యంత్రాల కోసం ఎన్‌ఎఫ్‌ఎస్ అనే అలాంటి పద్ధతిని తెచ్చింది. 1992లో ఆండ్రూ ట్రిడ్జెల్ విడుదల చేసిన సాంబా అనే ప్రోగ్రామ్‌తో యునిక్స్ యంత్రాలు కూడా విండోస్ కంప్యూటర్లకు ఫైళ్లు అందించగలిగాయి. నెట్‌వర్క్ ఫైల్ నిల్వ కోసమే చేసిన నేటి చిన్న నాస్ పెట్టెల్లో చాలావాటిలో పనిచేసేది సాంబాయే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి సామాన్యుడి దస్తావేజు దాకా వచ్చింది 1998 నవంబరు 4న. ఆ రోజు మొదలైన ‘కార్డ్’ అనే రిజిస్ట్రేషన్ల పథకం 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో చేతిరాత నకళ్ల స్థానంలో కంప్యూటర్లను ప్రవేశపెట్టింది. వ్యాపారాలను ఇటు నెట్టినవి పన్నులు. 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జూలై 1న జీఎస్‌టీ రావడంతో కంప్యూటర్‌లో లెక్కలు రాయక తప్పలేదు. ఎక్కువమంది ఎంచుకున్నది ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్. అందులో ఒక్కో కంపెనీ డేటాకు అంకెల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. దాన్ని ఒక సిస్టమ్‌లో షేర్ చేసి, మిగతా సిస్టమ్‌లలో దాని పాత్ ఇస్తే సరిపోతుంది.

ఈ సులువులోనే చిక్కు కూడా ఉంది. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి ట్యాలీలో కంపెనీ కనిపించదు. రౌటర్ సర్వర్‌కు కొత్త ఐపీ అడ్రస్ ఇచ్చి ఉండవచ్చు. పాత్‌లో మాత్రం పాత అంకెలే ఉంటాయి. రౌటర్ మారిస్తే విండోస్ ఆ నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా ఎంచి షేరింగ్‌ను అడ్డుకోవచ్చు. అందుకే వెతుకులాట వరసగా సాగాలి. ముందు కేబుల్, స్విచ్, తర్వాత సర్వర్ ఐపీతో అందుతోందా, పేరుతో అందుతోందా, ఆపై అనుమతులు. షేర్‌కు ఒక అనుమతి, డిస్క్‌పై ఫోల్డర్‌కు మరొకటి ఉంటాయి. రెండింట్లో ఏది కఠినమో అదే చెల్లుతుంది. ఫైలు తెరుచుకున్నా సేవ్ కాకపోతే, మరో సిస్టమ్‌లో అది తెరిచి ఉందేమో సర్వర్‌లో ఓపెన్ ఫైళ్ల జాబితా చెబుతుంది. మామూలు విండోస్‌ను సర్వర్‌గా వాడితే కనెక్షన్లకూ హద్దుంది: ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో 10, విండోస్ 10లో 20.

2017 మే 12న వ్యాపించిన వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం మీదుగానే కంప్యూటర్లలో చొరబడింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని చోటే నష్టం జరిగింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి ఎస్‌ఎంబీ పాత వెర్షన్ దానంతటదే ఇన్‌స్టాల్ కావడం ఆగింది. 2024 నాటి విండోస్ 11 కూర్పు పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్నీ కట్టడి చేసింది. పాత స్కానర్, పాత నాస్ హఠాత్తుగా పనిచేయకపోవడానికి ఇవీ కారణాలు. పాత వెర్షన్‌ను తిరిగి ఆన్ చేయడం ప్రమాదకరం. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, ఒక్కొక్కరికీ సొంత యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వడమే సరైన పరిష్కారం.

ఇక డిస్కులు. బర్క్‌లీ పరిశోధకులు 1988లో ప్రచురించిన రెయిడ్ పద్ధతి ఒక డిస్క్ చెడినా పని ఆగకుండా చూస్తుంది. పొరపాటున చెరిపేసిన ఫైలును, వైరస్ పాడుచేసిన ఫైలును మాత్రం అది తిరిగి తేలేదు. దానికి బ్యాకప్ ఒక్కటే దిక్కు: మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఊళ్లోనో క్లౌడ్‌లోనో. తమ్మిలేరు పొంగితే నీళ్లు చేరే ఏలూరు వీధుల్లో, నేలమీద పెట్టిన సర్వర్ పక్కనే బ్యాకప్ డిస్క్ ఉంచితే రెండూ కలిసి పోతాయి. యంత్రాన్ని ఎత్తున పెట్టి, యూపీఎస్ తగిలించి, ఉద్యోగి మానేసిన రోజే అతని యూజర్‌ను తీసేసి, నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు తిరిగి తెచ్చి చూసుకోవాలి. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.